తాళాల గుత్తి ఇంకొకరికి అప్పగించండి: పరిచర్యలో ఉన్న ఒక తండ్రికి జవాబు

బ్రదర్, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, పొరపాటుంటే దిద్దండి. మీకు 36 ఏళ్ళు, గుంటూరులో ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. మీ భార్య స్టాఫ్ నర్సు, షిఫ్టు డ్యూటీలు. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి మూడేళ్ళు. అమ్మగారు మీ దగ్గరే ఉంటారు. సంఘంలో మీరు ట్రెజరర్, యూత్ లీడర్, ఆరాధనలో కీబోర్డు కూడా మీరే. వారంలో నాలుగు సాయంత్రాలు, ఆదివారం దాదాపు రోజంతా చర్చిలోనే. మొన్న మీ అత్తగారు ఫోన్ చేసి "డాడీ ఏరి నాన్నా?" అని అడిగితే, మీరు పక్క గదిలో ఉండగానే బాబు టీవీ మీద నుంచి తల తిప్పకుండా "చర్చిలో" అన్నాడు. ఆ రాత్రి మీ భార్య "మీకు ఇల్లు లాడ్జీ అయిపోయింది" అన్నారు. మీ ప్రశ్నలు మూడు. బాధ్యతలు వదిలేస్తే దేవుని పని వదిలేసినట్టా? వదలకుండా ఇల్లు చూసుకోవడం ఎలా? ఆగస్టులో కొత్త కమిటీ వేస్తున్నారు, మళ్ళీ మిమ్మల్నే ట్రెజరరుగా ఉండమంటున్నారు, ఒప్పుకోవాలా?

నాకు 63 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఒంగోలు వైపు ఒక బాప్టిస్టు సంఘంలో 26 ఏళ్ళు డీకనుగా, అంటే సంఘ పరిచారకుడిగా, అందులో 11 ఏళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. మీరు ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నారో అక్కడ నేను చాలా ఏళ్ళు నిలబడ్డాను. ఆ రోజుల్లో నాకు ఎవరో ఒకరు చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవే ఇక్కడ రాస్తున్నాను.

మీ భార్య అన్న మాటతో మొదలుపెడతాను. ఆమె ఆ మాట అన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పండి. అడుగుతున్నారంటే మీ మీద ఇంకా ఆశ ఉందన్నమాట. మా ఇంట్లో అలా జరగలేదు. 2001 డిసెంబరులో మా కేరల్స్, అంటే ఇంటింటికీ వెళ్ళి పాడే క్రిస్మస్ పాటలు, 19 రాత్రులు సాగాయి. ఒకరోజు సాయంత్రం మా రెండో అమ్మాయికి జ్వరం. అప్పటికి దానికి నాలుగేళ్ళు. "ఈ ఒక్క రాత్రికి ఉండండి, నాకు భయంగా ఉంది" అంది మా ఆవిడ. స్వెటర్ వేసుకుంటూ నేను అన్న మాట: "దేవుని పనికి అడ్డం రావద్దు." ఆమె ఇంకేమీ అనలేదు. తెల్లవారుజామున రెండున్నరకి ఇంటికొచ్చాను. డైనింగ్ టేబుల్ మీద స్టీలు గ్లాసు, దాని కింద మందుల చీటీ. జ్వరం 104 దాటితే రాత్రి పదకొండుకి పక్కింటాయన్ని లేపి, ఆటో మాట్లాడించుకుని, ఒక్కతే ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చింది. పాపకి తగ్గింది. కానీ ఆ తరువాత చాలా ఏళ్ళు ఆమె నన్ను "ఉండండి" అని అడగలేదు. అడగడం మానేసింది. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. నా భార్య నా పరిచర్యకు ఎంత సహకరిస్తుందో అని సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అందుకే మొదటి మాట ఇది. "దేవుని పని" అనే మాటను ఇంట్లో ఎప్పుడూ కర్రలా వాడొద్దు. ఆ మాట అనగానే అవతలి మనిషికి జవాబు ఉండదు. భర్తతో వాదించవచ్చు, దేవుడితో ఎలా వాదిస్తుంది? భార్య నోరు మూయించడానికి ఆయన పేరు వాడుకోవడం తప్పు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి మీకు తెలుసు. తల్లిదండ్రులకు చేయవలసింది చేయకుండా, అది దేవునికి అర్పితం అనేసి చేతులు దులుపుకున్నవాళ్ళను యేసు ప్రభువు మెచ్చుకోలేదు, గట్టిగా గద్దించారు. డబ్బు విషయంలో అది తప్పయితే సాయంత్రాల విషయంలో కూడా తప్పే.

ఇక మీ మొదటి ప్రశ్న. బాధ్యత ఇంకొకరికి అప్పగించడం, దేవుని పని వదిలేయడం ఒకటి కాదు. నిర్గమకాండము 18వ అధ్యాయం మనం కమిటీల్లో పని పంచుకోవడం గురించి తరచూ చదువుతాం. మామగారు యిత్రో వచ్చి, మోషే ఒక్కడే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగాదాలు తీర్చడం చూసి, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, వీళ్ళూ నలిగిపోతారు అంటాడు. కానీ ఆ అధ్యాయం మొదలు మనం గబగబా దాటేస్తాం. యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే అంతకుముందు పుట్టింటికి పంపిన భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకులు గెర్షోము, ఎలీయెజెరులను వెంటబెట్టుకుని వచ్చాడు. కూతుర్ని, మనవళ్ళను తీసుకొచ్చి అల్లుడికి అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే ఆ అల్లుడు వెళ్ళి జనం మధ్య కూర్చున్నాడు, సాయంత్రం దాకా లేవలేదు. ఆ మామగారి స్థానంలో మీ మామగారిని ఊహించుకోండి. ఆయన చెప్పిన సలహాలో పరిపాలన ఉంది, నిజమే. కానీ దాని వెనుక ఒక తండ్రి కూడా ఉన్నాడని నా నమ్మకం. వెయ్యిమందికి ఒకరు, వందమందికి ఒకరు, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరు అని ఆయన లెక్క చెప్తే మోషే విన్నాడు. నాయకత్వం మాత్రం వదల్లేదు. పెద్ద వ్యాజ్యాలు తన దగ్గర ఉంచుకున్నాడు, మిగతావి పంచాడు.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఇలాంటిది ఒకటి ఉంది. మా జిల్లాలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకుముందే భయంకరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూడు చూపించిన కాలం అది. అందరికీ ఆ 2,222 అనే అంకె గుర్తుంటుంది. ఆ పని ఎలా జరిగిందో చాలామందికి తెలియదు. క్లౌ దొరగారు నీళ్ళలో దిగలేదు. అభిషేకం పొందిన మన తెలుగు బోధకులు ఆరుగురు ఇచ్చారు. ఒక్కసారికి ఇద్దరే నీళ్ళలో నిలబడేవారు. వాళ్ళు అలిసిపోతే గట్టెక్కేవారు, ఇంకో ఇద్దరు దిగేవారు. మన సంఘ చరిత్రలోనే అంత గొప్ప రోజున కూడా వంతులు వేసుకుని పనిచేశారు. అలిసి గట్టెక్కిన బోధకుణ్ణి పరిచర్య వదిలేశాడని ఎవరూ అనలేదు.

రెండో ప్రశ్న దగ్గరే అసలు కష్టం. ఇది కొంచెం వివరంగా రాస్తాను.

నా దగ్గర ఒక తాళాల గుత్తి ఉండేది. మెయిన్ గేటు, పక్క తలుపు, పాస్టరుగారి గది, బీరువా, మైకు సెట్ గది, కానుకల పెట్టె, వెనక స్టోరు రూము. మొత్తం ఏడు. బెల్టుకి తగిలించుకుని తిరిగేవాణ్ణి. శనివారం ఊడ్చేవాళ్ళు వస్తే నాకు ఫోన్. కరెంటు మనిషి వస్తే నాకు ఫోన్. పెళ్ళికి డెకరేషన్ వాళ్ళు వస్తే నాకు ఫోన్. నేను లేకపోతే గుడి తలుపు తెరుచుకోదు అన్నది నిజమే. ఎందుకంటే తాళం నా దగ్గరే ఉంది! మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు ఆరాధన తరువాత నన్ను వేపచెట్టు కిందికి పిలిచి ఆ గుత్తి చూపించమన్నారు. చేతిలోకి తీసుకుని, "మాస్టారూ, నేను 34 ఏళ్ళు బండి నడిపించాను. ఏ రోజూ డ్యూటీ దిగేటప్పుడు చార్జి ఇవ్వకుండా దిగలేదు. పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, అవతలి మనిషికి అప్పగించి ఇంటికెళ్ళేవాణ్ణి. మీరు చార్జి తీసుకోవడమే నేర్చుకున్నారు, ఇవ్వడం నేర్చుకోలేదు" అన్నారు. ఆ వారంలోనే ఆ తాళాలకు ఇంకో రెండు సెట్లు చేయించాను. ఒకటి వాచ్‌మన్‌కి, ఒకటి జాయింట్ సెక్రటరీకి. నెల తిరిగేసరికి నాకొచ్చే ఫోన్లు సగానికి తగ్గాయి. అంతకుముందు ఆ ఫోన్లను చూసి, సంఘానికి నేను ఎంత అవసరమో అనుకునేవాణ్ణి.

మీ దగ్గర కూడా ఇలాంటి గుత్తి ఒకటి ఉంటుంది. ఇనప తాళాలే కానక్కర్లేదు. వాట్సాప్ గ్రూపుకి మీరొక్కరే అడ్మిన్ కావడం, కీబోర్డు మీకు తప్ప ఇంకెవరికీ రాకపోవడం, కానుకల లెక్క మీ లాప్‌టాప్‌లోనే ఉండటం, ఇవన్నీ తాళాలే. ఈ శనివారం ఒక కాగితం తీసుకుని "నేను లేకపోతే ఆగిపోయేవి" అని పైన రాసి, కింద ఒక్కొక్కటి రాయండి. ఒక్కొక్కదాని పక్కన ఒక మనిషి పేరు రాయండి. పేరు దొరకని చోట, ఎవరికి నేర్పాలో రాయండి.

మీ మూడు పనుల గురించి విడివిడిగా నా అభిప్రాయం చెప్తాను.

యూత్ లీడర్ బాధ్యత ఇప్పుడే ఇచ్చేయండి. మీకు 36. యవ్వనస్థుల కూడికలో 22 ఏళ్ళ పిల్లవాడు ముందు నిలబడి మాట్లాడితే ఆ పిల్లలు వినే తీరే వేరు. మీరు వెనక కుర్చీలో కూర్చోండి, అడిగితే సలహా ఇవ్వండి. మొదటి రెండు నెలలు కూడిక ఆలస్యంగా మొదలవుతుంది, టీ సరిపోదు, ప్రసంగీకుడికి ఫోన్ చేయడం మరిచిపోతారు. ఓర్చుకోండి. మనం నేర్చుకున్నప్పుడు కూడా ఎవరో ఓర్చుకున్నారు.

ట్రెజరర్ పనిలో మీ ఆదివారం ఎక్కడ పోతోందో నాకు తెలుసు. ఆరాధన పన్నెండున్నరకి అవుతుంది. తరువాత లెక్క. పాస్టరుగారి గదిలో చాప పరిచి కానుకల సంచులు కుమ్మరిస్తారు. పది రూపాయల నోట్లు ఒకవైపు, చిల్లర పదేసి దొంతర్లు, చిరిగిన నోట్లు వేరే, కవర్లలో దశమభాగాలు వేరే, రసీదు పుస్తకం వేరే. ఈలోగా ఎవరో బోనఫైడ్ లెటరు కోసం వస్తారు, ఎవరో పెళ్ళి తేదీ కోసం వస్తారు. ఇంటికి చేరేసరికి మూడు. పిల్లలు తినేసి ఉంటారు, మీ భార్య నైట్ డ్యూటీకి పడుకుని ఉంటారు. ఇది ప్రతి ఆదివారం. మేము ఏం చేశామంటే, ముగ్గురేసి ఉండేలా నాలుగు లెక్క బృందాలు వేశాం. ఒక్కో బృందానికి నెలకి ఒక ఆదివారం. లెక్క పూర్తయ్యాక ముగ్గురూ రిజిస్టరులో సంతకం పెట్టి, సీలు కవరు బీరువాలో పెడతారు. ట్రెజరర్ సోమవారం ఒక అరగంట వచ్చి రిజిస్టరు చూసుకుని బ్యాంకులో జమ చేస్తాడు. మీరు బ్యాంకులోనే ఉన్నారు కాబట్టి, ఒక్కరు లెక్కపెట్టే డబ్బు కన్నా ముగ్గురు లెక్కపెట్టే డబ్బు ఎంత భద్రమో నేను చెప్పనక్కర్లేదు. మీ మీద రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఉంటుంది కూడా.

చేతి డబ్బు సంగతి కూడా ఒక్క మాట. పెట్రోలు, క్వయర్ పిల్లలకు టిఫిన్లు, మైకు రిపేరు, "తరువాత కమిటీలో పెట్టి తీసుకుందాం" అని మనం పెట్టే డబ్బు. అది నెలకు ఎంత అవుతుందో మీ భార్యకు తెలియాలి. నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకోండి, అది దాటితే బిల్లు పెట్టి తీసుకోండి. దాచిపెట్టి ఇచ్చే కానుక మంచిదే, భార్య దగ్గర దాచిపెట్టి ఇచ్చేది వేరే సంగతి.

కీబోర్డు గురించి చివర్లో చెప్తాను.

వారం ఎలా వేసుకోవాలంటే, ముందు ఫ్రిజ్ మీద మీ భార్య డ్యూటీ రోస్టరు అంటించండి. దాని పక్కన చర్చి క్యాలెండరు. ఆ వరస ముఖ్యం. ఇప్పటిదాకా మీ ఇంట్లో చర్చి క్యాలెండరు ముందు, ఆమె డ్యూటీలు దాని చుట్టూ సర్దుకున్నాయి. షిఫ్టు డ్యూటీ చేసే మనిషికి నిద్ర ఎంత కష్టమో మీరు రోజూ చూస్తున్నారు. ఆమెకు నైట్ ఉన్న రాత్రి మీరు ఇంట్లో ఉండటం తప్పనిసరి, అందులో బేరం లేదు. మూడేళ్ళ పాపను ఎన్నాళ్ళని అమ్మగారి మీద వదిలేస్తారు? పెద్దవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. వాళ్ళ మోకాళ్ళు చెప్తాయి. మిగతా రోజుల్లో సంఘానికి రెండు సాయంత్రాలు, ఆదివారం పొద్దున్న. అంతకు మించి ఇవ్వవలసి వస్తే ఆ వారంలోనే ఇంకో సాయంత్రం ఇంటికి తిరిగి రావాలి. ఈ సంగతి కమిటీలో చెప్పండి. "మంగళ, గురువారాలు నేను ఉండను" అని ముందే చెప్తే జనం మొదట్లో కాస్త నొచ్చుకున్నా తరువాత అలవాటు పడతారు. చెప్పకపోతే ప్రతిసారీ మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

అత్యవసరం వేరు. చావు కబురుకి రాత్రి రెండింటికైనా వెళ్ళండి. ఆసుపత్రిలో ఎవరైనా ఉంటే, ఏ చెల్లెలినైనా భర్త కొట్టి బయటికి నెట్టేస్తే వెళ్ళండి, వీలైతే మీ భార్యను కూడా తీసుకుని వెళ్ళండి. భూస్థాపన దగ్గర సమాధి తవ్వేవాళ్ళ పక్కన నిలబడ్డ సంఘపెద్దను ఆ కుటుంబం జీవితాంతం మరిచిపోదు. అందుకే మనం ఈ పరిచర్యలో ఉన్నాం. కానీ మైకులో గరగర వస్తోందన్నది అత్యవసరం కాదు. ఆదివారం ఎవరు వాక్యం చదవాలన్నది అత్యవసరం కాదు. భోజనాల దగ్గర ఫోను ఇంకో గదిలో పెట్టండి. రెండోసారి వెంటనే మోగితే చూడండి. నిజంగా కష్టంలో ఉన్నవాళ్ళు మళ్ళీ చేస్తారు.

డిసెంబరు గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. మన ఇళ్ళల్లో గొడవలన్నీ ఆ నెలలోనే. సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, సండేస్కూలు పిల్లల నాటిక ప్రాక్టీసు, 24 రాత్రి ప్రోగ్రాం, 25 ఆరాధన, ప్రేమ విందు, 31 రాత్రి వాచ్ నైట్, ఒకటో తారీఖు పొద్దున్నే మళ్ళీ ఆరాధన. ఆ పది పన్నెండు రోజులు ఎంత లెక్క వేసినా సమంగా రావు, నేను రప్పిస్తానని అబద్ధం చెప్పను. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం చివరి వారం కూడా అంతే. కానీ అక్టోబరులోనే కూర్చుని రెండు పనులు చేయొచ్చు. కేరల్స్ పేటలవారీగా విడగొట్టి, ఒక్కొక్కరికి నాలుగు రాత్రులకు మించకుండా వేయడం ఒకటి. ఇంటికోసం ఒక పనిని ముందే ఎంచుకుని, ఏం జరిగినా దాన్ని వదలకపోవడం రెండోది. మా పెద్దమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది, దానికి ఇద్దరు పిల్లలు. ఒకసారి మాటల్లో చెప్పింది. దాని చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కి మా ఇంటి స్టార్ అమ్మే స్టూలు ఎక్కి కట్టేదట. నేను అప్పుడు చర్చి గోపురానికి పెద్ద స్టార్ కట్టిస్తూ ఉండేవాణ్ణి. నిష్ఠూరంగా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. మీ ఇంటి స్టార్ మీరు కట్టండి, బాబు చేత వైరు పట్టించి. అరిసెల పిండి దంచించే రోజు, బట్టలకు వెళ్ళే రోజు, ఏదో ఒకటి మీ పేరు మీద ఉండాలి. జనవరి మొదటి రెండు వారాలు సంఘంలో ఏ కొత్త పనీ పెట్టుకోవద్దు. సంక్రాంతి సెలవులకు మీ అత్తగారి ఊరు వెళ్ళిరండి.

పిల్లల గురించి. ఎవరి ఎదుటా వాళ్ళను "ట్రెజరరుగారి అబ్బాయివి, నువ్వే ఇలా చేస్తే ఎలా" అనొద్దు, ఎవరైనా అంటే అడ్డుకోండి. బాబు ఆ పదవికి ఒప్పుకోలేదు, మీరు ఒప్పుకున్నారు. సమూయేలు ప్రవక్త ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి ఇశ్రాయేలీయులకు న్యాయం తీర్చేవాడని 1 సమూయేలు ఏడో అధ్యాయం చివర ఉంటుంది. పేజీ తిప్పితే, ఆయన కొడుకులు ఆయన దారిలో నడవలేదని ఉంటుంది. బైబిలు ఆ రెండిటినీ ముడిపెట్టలేదు, నేనూ ముడిపెట్టను. కానీ ఒక తండ్రిగా ఆ రెండు అధ్యాయాలను వెంటవెంటనే చదివినప్పుడల్లా ఒక నిమిషం ఆగిపోతాను. తిమోతికి రాసిన మొదటి పత్రిక డీకన్ల గురించి చెప్పేచోట కూడా పిల్లల్ని, ఇంటిని చూసుకునే తీరు గురించి అడుగుతుంది, ఎన్ని కూడికలకు వెళ్ళాడో అడగదు.

ఊరంతా తిరిగి ప్రార్థన చేసి వచ్చి, మన ఇంట్లో ప్రార్థన లేకుండా పడుకునే రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. మీరూ అలాగే ఉన్నారేమో తెలియదు. ఉంటే, పది నిమిషాలు చాలు. బాబు ఒక పాట ఎంచుకుంటాడు, అమ్మగారు ప్రార్థన చేస్తారు. మీరు వాక్యం చదివి ఆపేయండి. ఇంట్లో ప్రసంగం వద్దు. ఆ రోజు బడిలో ఏం జరిగిందో బాబు చెప్తే వినండి.

ఇప్పుడు మీ భార్య గురించి, మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. పెళ్ళికి ముందు ఆమె కూడా క్వయర్‌లో పాడేవారని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఇప్పుడు ఆదివారం ఆమె ఎక్కడ కూర్చుంటారు? చాలా సంఘాల్లో నేను చూసింది చెప్తాను. చెప్పుల స్టాండు పక్కన చివరి వరసలో, పాపను ఒళ్ళో వేసుకుని, ఏడిస్తే వరండాలోకి, ఊరుకుంటే లోపలికి. ప్రసంగం సగం వినబడదు. ప్రభువు బల్ల దగ్గరికి కూడా ఒక చేత్తో పాపను పట్టుకుని వస్తారు. మీ పరిచర్య కోసం తన పరిచర్యను ఆమె ఎప్పుడో పక్కన పెట్టేశారు, మిమ్మల్ని ఎవరూ అడగలేదు, ఆమెనూ ఎవరూ అడగలేదు. రాజీనామా ఇవ్వాలా వద్దా అని మీరు మథనపడుతున్నారు, ఆమె ఎప్పుడో ఇచ్చేశారు.

కాబట్టి మాట్లాడవలసింది ముందు ఆమెతో. పాస్టరుగారితో తరువాత. డ్యూటీ లేని రోజు, పిల్లలు పడుకున్నాక, పైన చెప్పిన కాగితం ఆమె చేతికి ఇవ్వండి. "నేను ఇలా అనుకుంటున్నాను, నువ్వేమంటావు" అని అడిగి, సమాధానం చెప్పకుండా వినండి. ఏడుపు రావచ్చు, పాత సంగతులు రావచ్చు. నేను నా భార్యను మన్నించమని అడిగింది మా చిన్నమ్మాయి పెళ్ళి అయ్యాక, 58వ ఏట. ఆ మందుల చీటీ సంగతి ఆమెకు కూడా గుర్తుంది. అంత ఆలస్యం చేయకండి.

తరువాత పాస్టరుగారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఫిర్యాదులా వద్దు. "అయ్యగారూ, యూత్ బాధ్యత ఈ నెలాఖరుకి ఇచ్చేస్తాను, ఫలానా తమ్ముడికి రెండు నెలలు తోడుంటాను. లెక్క బృందాలు వేద్దాం" అని సూటిగా చెప్పండి. ఆయన ఇంట్లో కూడా ఇదే కథ నడుస్తూ ఉండవచ్చు. ఆయనకు మీలా చెప్పుకునే వీలు కూడా ఉండదు. కమిటీలో ఒకరిద్దరు "చల్లారిపోయాడు" అంటారు. అననివ్వండి. నన్నూ అన్నారు. ఆరు నెలల తరువాత వాళ్ళే తమ ఇంటి గొడవలు చెప్పుకోవడానికి నా దగ్గరికి వచ్చారు.

ఆగస్టు సంగతి. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఈసారి ట్రెజరరుగా ఒప్పుకోకండి. ఆడిట్ పూర్తి చేసి, లెక్కలు, రసీదు పుస్తకాలు, పాస్‌బుక్ కొత్తవారికి సంతకం పెట్టించుకుని అప్పగించండి. మూడు నెలలు నెలకోసారి కూర్చుని నేర్పండి. పాప బడికి వెళ్ళే వయసు వచ్చాక, మీ భార్య షిఫ్టులు కాస్త కుదుటపడ్డాక మళ్ళీ అడిగితే అప్పుడు ఇద్దరూ కలిసి ఆలోచించుకోండి. సంఘం అక్కడే ఉంటుంది.

కీబోర్డు మాత్రం వదలకండి. వాయించేటప్పుడే నాకు నిజంగా ఆరాధన చేసినట్టు ఉంటుందని మీరే రాశారు. అది మీలో ఎండిపోతే ఇంట్లో కూడా మీరు మిగలరు. కాకపోతే ఆదివారం విడిచి ఆదివారం చాలు. మీరు వాయించని ఆదివారం కోసం సండేస్కూలు పెద్ద పిల్లల్లో ఒకరికి ఇప్పటినుంచే నేర్పండి, మొదట ఒక పాట, తరువాత రెండు. తాళం తప్పితే పాడేవాళ్ళు సర్దుకుంటారు. మీరు వాయించని ఆ ఆదివారం పాపను మీరు ఎత్తుకోండి, ఏడిస్తే వరండాలోకి మీరు తీసుకెళ్ళండి. మీ భార్యను వెళ్ళి క్వయర్‌లో నిలబడమనండి.